పరాయి గడప నుండి బంగారు వాకిలికి

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున ఉన్న మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఒకనాడు రాతిగుట్టల నడుమ పల్లెలు. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ అనే భవనం ప్రారంభమైంది. దానితో ఆ ప్రాంతమంతా హైటెక్ సిటీ అనే కొత్త పేరు ధరించి, కంప్యూటరు వ్యాపారానికి నిలయమై, చూస్తూండగానే గాజుమేడల నగరంగా మారిపోయింది. ఆ మేడల పొరుగునే, తన పాత గుట్టలనూ చెరువులనూ కొంతవరకు కాపాడుకుంటూ, హైదరాబాదు విశ్వవిద్యాలయం ఉన్నది. అక్కడ చదివేవారిలో విదేశీయులు కూడా కొందరు ఉంటారు. వారి నిమిత్తం ఒక ప్రత్యేక అధ్యయన ప్రణాళికను విశ్వవిద్యాలయం ఆ 1998వ సంవత్సరంలోనే నెలకొల్పింది. దాని క్రింద వచ్చినవారిలో చాలామంది ఒక సంవత్సరమో, అందులో సగమో ఇక్కడ గడిపి తమ దేశాలకు తిరిగి వెళ్ళిపోతారు. వెళ్ళేటప్పుడు వారు మన దేశాన్ని చూచి వెళుతున్నారా, మన తరగతి గదులను మాత్రమే చూచి వెళుతున్నారా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకబోతే ఆ విశ్వవిద్యాలయపు పుట్టింటిదాకా నడవవలసి వస్తుంది.

ఆ పుట్టిల్లు గచ్చిబౌలిలో లేదు. 1974లో పార్లమెంటు చట్టంవల్ల ఏర్పడిన నాటికి విశ్వవిద్యాలయానికి సొంత భవనాలు లేవు. నగరం నడిబొడ్డున, ఆబిడ్సులో, నాంపల్లి స్టేషను రోడ్డుమీద ఉన్న ఒక పాత ఇంటిలో అది పని ప్రారంభించింది. ఆ ఇంటి పేరు గోల్డెన్ థ్రెషోల్డ్. తెలుగున బంగారు గడప అనవచ్చు. తిరుమల కొండకు వెళ్ళి వచ్చేవారికి బంగారు వాకిలి అంటే మరింత దగ్గరగా తోస్తుంది. ఇంటికి రాకముందు అది ఒక కవితా సంపుటి పేరు. ఆ కవయిత్రి శ్రీమతి సరోజినీ నాయుడు. ఆమెను మనం భారత కోకిల అని తలచుకుంటాము. కాంగ్రెసు అధ్యక్షురాలిగా, ఉప్పు సత్యాగ్రహ నాయకురాలిగా, గవర్నరుగా ఎరుగుదుము. పదహారేళ్ళ వయస్సులో సముద్రాలు దాటి వెళ్ళి, ముక్కూ మొగమూ ఎరుగని జనం మధ్య మూడేళ్ళు గడిపిన విద్యార్థినిగా మాత్రం ఆమెను అంతగా ఎరుగము. ఆ మూడేళ్ళను కొంచెం నిదానించి చూస్తే తరువాతి జీవితంలో చాలాభాగం బోధపడుతుంది.

సరోజిని 1879 ఫిబ్రవరి 13వ తేదీన హైదరాబాదులో జన్మించింది. తండ్రి అఘోరనాథ ఛటోపాధ్యాయులు వంగదేశీయులు. ఆయన కూడా ఒకనాటి పరదేశ విద్యార్థియే. స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయంలో శాస్త్రాధ్యయనం చేసి, డాక్టరు ఆఫ్ సైన్సు పట్టం పొంది, 1878లో నైజాము రాజ్యానికి వచ్చారు. ఇక్కడ ఆయన నెలకొల్పిన హైదరాబాదు కాలేజియే తరువాత నిజాం కాలేజి అయింది. తల్లి వరదసుందరీదేవి వంగభాషలో కవిత్వం చెప్పగల విదుషి. ఎనిమిదిమంది సంతానంలో సరోజిని పెద్దది.

వంగదేశం నుంచి వచ్చిన ఆ కుటుంబానికి హైదరాబాదు పరాయి ఊరే. అయినా అఘోరనాథులవారు తమ తోట వాకిలి ఎవరికీ మూయలేదు. మతభేదం లేకుండా పండితులూ, రాజులూ, బిచ్చగాండ్రూ, సాధువులూ, లోహాలను బంగారం చేస్తామని తిరిగే రసవాదులూ ప్రతిదినం అక్కడ చేరి వాదాలు సాగించేవారు. రసవాదం మీద ఆయనకూ మోజు ఉండేది. తల్లి పిల్లలతో హిందూస్తానీలో మాట్లాడేది; ఇంగ్లీషు నేర్చి తీరవలసిందని తండ్రి పట్టు. తొమ్మిదేళ్ళ సరోజిని మొండికెత్తి ఇంగ్లీషు మాట్లాడనంటే, ఆయన ఆమెను ఒక పగలంతా ఒంటరిగా గదిలో పెట్టి మూశారు. బాల్యంలో ఆమెకు జరిగిన దండన అదొక్కటే. ఆనాటి తరువాత తండ్రితో ఆమె ఇంగ్లీషు తప్ప మరొక భాష మాట్లాడలేదు. పదకొండేళ్ళప్పుడు బీజగణితం లెక్క తెగక కూర్చుంటే లెక్కకు బదులు పద్యం వచ్చింది. కూతురు తనవలె శాస్త్రజ్ఞురాలు కావలెనన్న తండ్రి కోరిక ఆనాడే వెనుకబడింది.

పన్నెండేళ్ళకే ఆమె మదరాసు విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషను పరీక్షలో నెగ్గి దేశమంతటా పేరు పొందింది. తరువాత మూడు నాలుగేళ్ళు ఆరోగ్యం బాగుండక, బడి చదువు సాగక, ఇంట ఉండి విపరీతంగా పుస్తకాలు చదివింది. ఆ రోజులలోనే డాక్టరు ముత్యాల గోవిందరాజులు నాయుడుగారితో పరిచయం కలిగి, అది అనురాగమైంది. ఆయన తెలుగువారు, కులం వేరు, వయస్సులో ఆమెకంటే చాలా పెద్ద. ఆమెకు పదిహేనేళ్ళు. సంఘసంస్కర్త అయిన తండ్రి కూడా వెంటనే అంగీకరించలేకపోయారు. ఇంతలో ఆమె రచనలు ఆరవ నైజాము మహబూబ్ అలీఖాన్ దృష్టికి వచ్చాయి. ఇంగ్లండులో చదువుకొనడానికి ప్రభుత్వం ఉపకారవేతనం మంజూరు చేసింది. ఇతరులకు అది వరం. ఆమెకు మాత్రం ప్రవాసశిక్ష. 1895లో ఆమె ఓడ ఎక్కింది తన ఇష్టానికి విరుద్ధంగానే.

ఆ కాలంలో మనవారు ఇంగ్లండు వెళ్ళటమంటే మూడు వారాల సముద్రయానం. ఉత్తరం వెళ్ళటానికి మూడు వారాలు, దాని జవాబు రావటానికి మరి మూడు వారాలు. ఇంటివద్ద ఎవరికైనా జబ్బు చేసిందని తెలిసే నాటికి రోగి కోలుకొని అయినా ఉండాలి, కాలం చేసి అయినా ఉండాలి. లండను నగరంలో పొగమంచు, బొగ్గుపొగ, చలి. పుట్టుకతోనే బలహీనమైన దేహం. చీర కట్టిన నల్లజడ పిల్లను వీధిలో జనం తిరిగి తిరిగి చూచేవారు. అట్టి స్థితిలో ఒక విద్యార్థిని తన గదిలో ముడుచుకొనిపోవటం అతిసహజం. ముడుచుకొనిపోయినవారు ఆనాడు ఎందరో ఉన్నారు. సరోజిని ఆ గతి నుంచి తప్పించుకొనడానికి కారణం ఆమె ప్రతిభ ఒక్కటే కాదు. అరవయ్యారేళ్ళు దాటిన ఒక దొరసాని.

ఆమె పేరు ఎలిజబెత్ ఎడిలైడ్ మానింగ్. 1828లో పుట్టిన ఆమె పెళ్ళి చేసుకొనలేదు. ఆమె సవతితల్లి షార్లెట్ మానింగ్ ప్రాచీన భారతదేశాన్ని గురించి గ్రంథం వ్రాసిన విదుషి. 1869లో ఇంగ్లండులో స్త్రీలకై ప్రారంభమై, తరువాత గిర్టన్ అని పేరు పొందిన కళాశాలకు తొలి అధినేత్రి. 1870లో మేరీ కార్పెంటర్ అనే సంస్కర్త బ్రిస్టల్ నగరంలో నేషనల్ ఇండియన్ అసోసియేషన్ అనే సంఘాన్ని స్థాపించింది. మరుసటి సంవత్సరం లండనులో దాని శాఖ వెలసింది. 1877 మొదలు తాను మరణించేవరకు, అనగా ఇరవై ఎనిమిది సంవత్సరాలపాటు, మిస్ మానింగ్ ఆ సంఘానికి గౌరవ కార్యదర్శిగా ఉన్నది.

భారతదేశంలో స్త్రీవిద్యకు తోడ్పడటం ఆ సంఘం మొదటి ఆశయం. ఇంగ్లండుకు వచ్చే మన విద్యార్థుల సంఖ్య పెరిగేకొద్దీ వారి యోగక్షేమాలు చూడటం దాని ముఖ్యవ్రతమైంది. ఏ కళాశాలలో ఏ చదువు ఉన్నది, ఎంత ఖర్చవుతుంది, ఎవరిని చూడాలి అన్న సంగతులను సంఘం అచ్చువేసి పంచేది. కొత్తగా వచ్చినవారికి తగిన కుటుంబంలో బస చూపేది. సెలవులలో చూడదగిన స్థలాలకు తీసుకొని వెళ్ళేది. అన్నిటికంటే విలువైనది మిస్ మానింగ్ ఇంట జరిగే సాయంకాలపు కూడిక. అక్కడకు మన విద్యార్థులూ వచ్చేవారు, లండను రచయితలూ, ఉపాధ్యాయులూ, గృహిణులూ వచ్చేవారు. ఆమె స్వయంగా ఒకరినొకరికి పరిచయం చేసేది. ఎవరు ఏమి చదువుతున్నారో, ఎవరికి ఏది ఇష్టమో గుర్తుంచుకొని, మాట కలిసేవారి ప్రక్కన కూర్చుండబెట్టేది.

సరోజిని రావటానికి ఆరేడేళ్ళు ముందు ఆ గదిలోనే మరొక విద్యార్థి కూర్చున్నాడు. బారిష్టరు చదువుకు వచ్చిన గుజరాతీ యువకుడు, మహా సిగ్గరి. ఎవరైనా పలకరిస్తే తప్ప నోరు విప్పేవాడు కాదు. మిస్ మానింగ్ అతని మౌనాన్ని తప్పు పట్టక, పిలవటం మానక, తన ఇంటికి వచ్చిన నారాయణ హేమచంద్రుడనే మరొక గుజరాతీ రచయితతో స్నేహం కలిపింది. చాలా సంవత్సరాల తరువాత తన ఆత్మకథ వ్రాస్తూ గాంధీమహాత్ముడు ఈ సంగతిని జ్ఞాపకం చేసుకున్నారు. పిలిచినచోటికి వెళ్ళి మౌనంగా కూర్చున్నా మళ్ళీ పిలిచే ఇల్లు ఒకటి ఉండటం పరదేశంలో ఎంతటి ఊరటయో అనుభవించినవారికే తెలుస్తుంది.

ఈ మిస్ మానింగ్ సంరక్షణలోనే సరోజిని లండనులో కాలుపెట్టింది. అక్కడి పరిచయాల వల్లనే ఆమెకు ఎడ్మండ్ గాస్ అనే విమర్శకుని ఆదరం లభించింది. లండను సాహిత్యలోకంలో ఆనాడు ఆయన మాటకు తిరుగులేదు. ఆదివారాలలో ఆయన ఇంట రచయితలు చేరేవారు. హైదరాబాదు బాలిక ఆ ఇంటికి ఆప్తురాలైపోయింది. కవి ఆర్థర్ సైమన్స్, ప్రచురణకర్త విలియం హైన్‌మన్ మొదలైనవారి స్నేహం కూడా ఆ రోజులలోనిదే. కవి యేట్సు తండ్రి అయిన చిత్రకారుడు జాన్ బట్లర్ యేట్స్ ఆమె రూపాన్ని గీశాడు.

గాస్‌కు ఆమె తన పద్యాల కట్టను భయభక్తులతో సమర్పించింది. ఆయన చదివి చూస్తే ఛందస్సు నిర్దుష్టం, భాష నిర్దుష్టం. కాని ఆ పద్యాలలో ఉన్నవన్నీ ఇంగ్లీషు పక్షులు, ఇంగ్లీషు పూలు, ఇంగ్లీషు పల్లెలు, చర్చి గంటలు. దక్కను ఎండలో పెరిగిన పిల్ల చూడని దేశపు వసంతాన్ని పుస్తకాలలో చూచి వర్ణించింది. మరొకరైతే పరదేశపు పిల్ల గదా అని తల నిమిరి మెచ్చుకొని పంపేవారు. గాస్ అట్లా చేయలేదు. ఈ కట్టను పారవేసి, నీ దేశపు కొండలనూ, తోటలనూ, గుడులనూ, మనుషులనూ గురించి వ్రాయవలసిందని నిర్మొగమాటంగా చెప్పాడు. ఆమె నొచ్చుకొనలేదు, ఆ మాట శిరసావహించింది. పల్లకీ బోయీలూ, నేతగాండ్రూ, గాజులమ్మేవారూ, పాములవాళ్ళూ, కోరమాండలు తీరపు జాలరులూ ఆమె కవితలోకి వచ్చింది దరిమిలానే.

ఈ హితవులో మరొక కోణం ఉన్నదని అంగీకరించాలి. తూర్పుదేశపు కవి నుంచి తూర్పుదేశపు రంగులనూ పరిమళాలనూ మాత్రమే ఆశించటం ఆనాటి పశ్చిమదేశ రసికులకు అలవాటు. అతిథిని ఆదరిస్తూనే ఆమె తమకు వింతగా ఉండాలని కోరటం అందులో దాగి ఉన్నది. సరోజిని కవిత్వంలో అలంకారం ఎక్కువ, జీవితపు కరకుదనం తక్కువ అని తరువాతి విమర్శకులు చెప్పిన లోపానికి బీజం అక్కడే పడిందేమో. అయినా, ఒక పరదేశ విద్యార్థిని తమకు సమానురాలైన రచయిత్రిగా ఎంచి నిజం చెప్పటంలో ఉన్న గౌరవం, వట్టి మర్యాదలో లేదు. ఆ గౌరవాన్నే ఆమె జీవితాంతం గుర్తుంచుకున్నది.

చదువు మాత్రం సాగలేదు. మొదట లండను కింగ్స్ కాలేజీలోనూ, తరువాత కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలలోనూ చేరింది. ఆ రోజులలో కేంబ్రిడ్జిలో స్త్రీలు పాఠాలు వినవచ్చు, పరీక్షలు వ్రాయవచ్చు. పట్టం మాత్రం పుచ్చుకొనరాదు. పట్టాలు ఇవ్వవలసిందన్న ప్రతిపాదన 1897లో విశ్వవిద్యాలయ సభలో చిత్తుగా ఓడిపోయింది. మరి యాభై సంవత్సరాలకు, 1948లో గాని ఆ హక్కు దక్కలేదు. నియమబద్ధమైన కళాశాల జీవితం సరోజినికి సరిపడలేదు. ఆరోగ్యం చెడింది. గాలిమార్పునకు ఇటలీ వెళ్ళింది. ఆ దేశపు వెలుగు చూచి పరవశించింది. చివరకు 1898 సెప్టెంబరులో ఏ పట్టమూ లేకుండానే హైదరాబాదుకు తిరిగి వచ్చింది.

విద్యాశాఖ లెక్కల ప్రకారం చూస్తే ఆ ఉపకారవేతనం వ్యర్థమైనట్లే. ఆమె సంపాదించుకొని వచ్చినది ఏ పద్దులోకీ ఎక్కదు. పరాయివారి ఇండ్లలో కూర్చుని, వారి భాషలో వారితో సమానంగా వాదించి, నవ్వి, నవ్వించి, వారి మెప్పుకు పొంగిపోకుండా, వారి అధికారానికి జంకకుండా మెలగగల నేర్పు ఆమెకు అబ్బింది. ఉత్తరోత్తర వైస్రాయిల ముందూ, బ్రిటిషు మంత్రుల ముందూ ఆమె నిలిచిన తీరు ఎరిగినవారికి ఆ విద్య ఎంత అక్కరకు వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

మూడేళ్ళ ఎడబాటు ఆమె నిశ్చయాన్ని మార్చలేకపోయింది. 1898 డిసెంబరులో మదరాసులో, 1872 నాటి వివాహ చట్టం ప్రకారం, గోవిందరాజులు నాయుడుగారితో ఆమె వివాహం జరిగింది. ఆ పెళ్ళి జరిపించినవారు మన కందుకూరి వీరేశలింగం పంతులుగారు. విధవా వివాహాలకై రాళ్ళదెబ్బలు తిన్న ఆ మహనీయుడు, వంగ బ్రాహ్మణ కన్యను తెలుగు వరునికి ముడివేసి, ఆమెను మన ఇంటి కోడలిని చేశారు.

1905లో గోల్డెన్ థ్రెషోల్డ్ లండనులో వెలువడింది. ప్రచురించినది హైన్‌మన్, పీఠిక వ్రాసినది సైమన్స్, ముఖచిత్రంగా యేట్స్ గీసిన రేఖాచిత్రం, అంకితం గాస్‌కు. పరదేశంలో ఆమెకు వాకిలి తెరచినవారందరూ ఆ చిన్న పుస్తకంలో చేరారు. ఆ సంవత్సరమే మిస్ మానింగ్ కన్నుమూసింది.

హైదరాబాదులోని ఇంటికి ఆ పేరే స్థిరపడిన తరువాత, ఆ గడపకు తండ్రి తోట వారసత్వం సంక్రమించింది. నవాబులూ, కవులూ, విద్యార్థులూ, దేశభక్తులూ, ఆంగ్లేయ మిత్రులూ వచ్చిపోతూండేవారు. హిందువు ఇంటిలో ముస్లిములకూ, దేశీయుల ఇంటిలో దొరలకూ సమానమైన చనువు ఉండటం ఆనాటికి కొత్త. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచివేసినపుడు ఆమె బాధితుల సహాయానికి నడుము కట్టింది. దానికి ప్రభుత్వం కైసరీ హింద్ పతకం ఇచ్చింది. జలియన్‌వాలాబాగు ఘోరం తరువాత ఆమె ఆ పతకాన్ని తిప్పి పంపింది.

ఇక్కడ ఆమె తమ్ముని కథ కొంత చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. వీరేంద్రనాథ ఛటోపాధ్యాయుడు 1902లో చదువుకై ఇంగ్లండు వెళ్ళాడు. అప్పటికి గాలి మారింది. 1905లో వంగదేశ విభజన జరిగిన తరువాత లండనులోని భారతీయ విద్యార్థుల గుండెలు మండుతున్నాయి. ప్రభుత్వం వారిని అనుమానంతో చూడసాగింది. 1909 జూలై 1వ తేదీ రాత్రి, ఇంజనీరింగు విద్యార్థి మదనలాల్ ధింగ్రా, భారత కార్యాలయపు అధికారి కర్జన్ వైలీని పిస్తోలుతో కాల్చి చంపాడు. ఆ హత్య జరిగినది మరెక్కడో కాదు, నేషనల్ ఇండియన్ అసోసియేషన్ వార్షికంగా జరుపుకొనే విందు సభలో. విద్యార్థులకూ ఆంగ్లేయులకూ చెలిమి కలపాలని మిస్ మానింగ్ ముప్పై ఏళ్ళు పాటుపడిన సంఘం ముంగిటనే నెత్తురు చిందింది.

ప్రభుత్వం ఆ సంవత్సరమే భారతీయ విద్యార్థుల కోసం ఒక సమాచార కార్యాలయం నెలకొల్పింది. మరుసటి ఏడు అది క్రామ్‌వెల్ రోడ్డులోని ఒక పెద్ద భవనంలోకి మారింది. నేషనల్ ఇండియన్ అసోసియేషన్ కూడా అక్కడికే చేరింది. అందులో బసకు గదులున్నాయి, చదువుకొనడానికి పత్రికలున్నాయి, సలహా చెప్పే ఉద్యోగులున్నారు. మిస్ మానింగ్ ఇంట లేని సదుపాయాలన్నీ ఉన్నాయి. అయినా విద్యార్థులు దానిని నమ్మలేదు. తమపై నిఘా వేయటానికి పన్నిన వల అనుకున్నారు. పిలిచేవాడు మన పేరు వ్రాసుకొనడానికి పిలుస్తున్నాడని అనుమానం కలిగిన తరువాత, ఆ ఇంట ఎంత రుచిగల తేనీరు పోసినా గొంతు దిగదు. వీరేంద్రనాథుడు బారిష్టరు చదువు నుంచి బహిష్కృతుడై, పారిసు, బెర్లిను, మాస్కో తిరిగి, విప్లవమే వృత్తిగా జీవించాడు. మళ్ళీ స్వదేశం చూడలేదు. 1937లో స్టాలిను ప్రభుత్వం అతనికి మరణశిక్ష విధించి చంపింది. ఒక తల్లి పిల్లలు ఇద్దరు ఒకే నగరానికి చదువుకై వెళ్ళారు. అక్క వెళ్ళినపుడు తెరచి ఉన్న వాకిలి తమ్ముని కాలానికి మూసుకుపోయింది. ఇద్దరి గతులు వేరు కావటానికి స్వభావాలూ, రాజకీయాలూ, మరెన్నో కారణాలు ఉన్నాయి. ఆ వాకిలి సంగతిని మాత్రం తీసివేయలేము.

సరోజిని దానిని గుర్తించినట్లే కనబడుతుంది. 1913లో ఆమె మళ్ళీ లండనులో ఉన్నది. చెల్లాచెదరుగా బ్రతుకుతున్న మన విద్యార్థులకు తమదైన ఒక కూడలి ఉండాలని మహమ్మదలీ జిన్నా ఆ ఏడు లండన్ ఇండియన్ అసోసియేషన్ స్థాపించారు. జబ్బుతో తీసుకుంటున్న గోఖలేగారిని ఒప్పించి, ఆ విద్యార్థుల సభలో మాట్లాడించటానికి ఆమె పూనుకున్నది. ఇది ఎవరో దయతో ఏర్పరచిన ఆశ్రయం కాదు. విద్యార్థులు తాము నిర్మించుకొన్న సంఘం. ఒకనాడు పరాయి గడపలో అతిథిగా అడుగుపెట్టిన పిల్ల, తన తరువాతి తరానికి గడప కట్టే పనిలో చేయి కలిపింది.

1914 ఆగస్టులో, యుద్ధం మొదలైన రోజులలో, దక్షిణాఫ్రికా నుంచి లండను చేరిన గాంధీగారిని చూడటానికి ఆమె వెళ్ళింది. ఒక సామాన్యమైన బస ఇంటిలో, నేలమీద పరచిన కంబళిపై కూర్చుని, కొయ్యగిన్నెలో ఏదో పథ్యం తింటున్న ఆయనను గుమ్మంలో నుంచి చూచి ఆమె పకపక నవ్వింది. ఆయన కూడా నవ్వి లోనికి రమ్మన్నారు. ముప్పైమూడు సంవత్సరాలు సాగిన స్నేహం అట్లా ఒక గుమ్మంలోనే మొదలైంది. మిస్ మానింగ్ ఇంట నోరు విప్పలేక కూర్చున్న సిగ్గరీ, ఆ ఇంటనే మాటల ప్రవాహమై వెలిగిన బాలికా వేర్వేరు కాలాలలో ఆ గదిలో కూర్చున్నవారేనన్నది తలచుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది.

తరువాతి చరిత్ర లోకవిదితం. 1925లో కాన్పూరు కాంగ్రెసుకు అధ్యక్షత వహించి, ఆ పదవి పొందిన మొదటి భారతీయ మహిళ అయింది. 1928లో అమెరికా వెళ్ళి, భారతదేశాన్ని గురించి అక్కడ ప్రబలిన అపోహలకు ఊరూరా తిరిగి సమాధానం చెప్పింది. 1930లో ధరసానా ఉప్పు కొఠార్లవద్ద సత్యాగ్రహులకు నాయకత్వం వహించింది. 1942లో మహాత్మునితోపాటు ఆగాఖాను భవనంలో నిర్బంధంలో ఉన్నది. 1947 మార్చిలో ఢిల్లీలో ఆసియా దేశాల మహాసభ జరిగినపుడు అధ్యక్షురాలు ఆమెయే. నానాదేశాల ప్రతినిధులకు స్వతంత్రం కాబోతున్న భారతదేశం తరఫున స్వాగతం పలికినది ఆమె కంఠమే. అరవై ఎనిమిదేళ్ళ ఆ వృద్ధురాలు ఆ సభలో అతిథులను ఆదరించిన తీరులో మిస్ మానింగ్ శిష్యురాలు కనబడకపోదు. అదే సంవత్సరం ఆగస్టు 15న సంయుక్త రాష్ట్రాల గవర్నరు పదవి స్వీకరించి, 1949 మార్చి 2వ తేదీన లక్నోలో పరమపదించింది.

ఇరవై ఐదేళ్ళకు ఆమె ఇంటిలో విశ్వవిద్యాలయం పుట్టింది. పెరిగి గచ్చిబౌలి చేరింది. కళలకూ ప్రసార విద్యలకూ సంబంధించిన శాఖ అక్కడ ఆమె పేరనే నడుస్తున్నది. ఆమె పరదేశం నుంచి తిరిగి వచ్చిన సంవత్సరానికీ, ఆ విశ్వవిద్యాలయం విదేశీ విద్యార్థుల ప్రణాళిక నెలకొల్పిన సంవత్సరానికీ మధ్య సరిగా నూరేళ్ళు.

నేడు ఆ ప్రాంతం రెండు ప్రవాహాలు ఎదురుపడే చోటు. గచ్చిబౌలికి కూతవేటు దూరంలో నానక్‌రామ్‌గూడాలో 2023 నుంచి అమెరికా కాన్సులేటు కార్యాలయపు కొత్త భవనం పనిచేస్తున్నది. కాగితాల సంచీలు చేత పట్టుకొని మన పిల్లలు దాని ముందు బారులు తీరుతారు. 2023-24 విద్యాసంవత్సరంలో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందులో తెలుగువారి పాలు పెద్దది. ఆ పిల్లల తల్లిదండ్రులందరూ మనస్సులో వేడుకొనేది ఒకటే: అక్కడ మావాడిని పలకరించే మనిషి ఒకరు దొరకాలి, పండుగనాడు పిలిచి ఇంత అన్నం పెట్టే ఇల్లు ఒకటి ఉండాలి. ఆ దారి ప్రక్కనే విశ్వవిద్యాలయం నుంచి బయటకు వచ్చే విదేశీ విద్యార్థి ఎదురవుతాడు. అతని తల్లి కూడా ఎక్కడో కూర్చుని అదే వేడుకొంటూ ఉంటుంది. ఆ సంగతి మనకు తట్టదు.

అతని కోసం కార్యాలయం ఉన్నది, వసతిగృహం ఉన్నది, నియమావళి ఉన్నది. అవి అవసరమే. వాటి అవతల మేడల ప్రాకారాల ముందు కావలివాడు పేరు, ఊరు, ఫోను నంబరు అడిగి వ్రాసుకుంటాడు. లోపలి నుంచి ఎవరో రమ్మంటేగాని ఆ గేటు దాటటానికి వీలులేదు. రమ్మనేవారు ఎవరు? మిస్ మానింగ్ చేసిన పనికి ధనం గాని, అధికారం గాని అంతగా అవసరం లేకపోయింది. బతుకమ్మ నాడో, సంక్రాంతి నాడో, ఏమీ లేని ఒక ఆదివారం నాడో తన గుమ్మంలోకి ఒక పరాయి పిల్లను పిలిచి, తమ ఇంటివారితో కలిపి కూర్చుండబెట్టి, ఆ పిల్ల మాట్లాడకపోయినా మళ్ళీ వచ్చే వారం పిలవగల ఓపిక ఉంటే చాలు.

ఆబిడ్సులోని ఆ పాత ఇల్లు నేటికీ విశ్వవిద్యాలయం అధీనంలోనే ఉన్నది. దాని గడప బంగారంతో చేసినది కాదు. పదహారేళ్ళ పిల్లగా తాను దాటిన గడప ఒకటి ఆమెకు జ్ఞాపకం ఉండటంవల్ల దానికి ఆ పేరు తగింది.